సముద్రం అడుగున భూకంపాలు, అగ్నిపర్వతాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అండమాన్ దగ్గర భూమి కంపించిందని టీవీలో స్క్రోలింగ్ వచ్చిన ప్రతిసారీ అవే సందేహాలు వస్తాయి. సునామీ వస్తుందా, పడవలు ఒడ్డుకు తెచ్చుకోవాలా, సముద్రంలో అగ్నిపర్వతం పేలిందని వాట్సాప్‌లో తిరుగుతోంది నిజమేనా అని. జవాబులన్నీ ఒకచోట ఉంటే మేలని ఈ పేజీ తయారుచేశాను. ఉదాహరణలు ఎక్కువగా బంగాళాఖాతం తూర్పు అంచు నుంచే తీసుకున్నాను. మయన్మార్ నుంచి అండమాన్, నికోబార్ దీవుల మీదుగా సుమత్రా, జావా దాకా సాగే ఆ గీత మీద ఏం జరుగుతుందో మన కోస్తావాళ్లకు తెలిసి ఉండాలి. ఏ ప్రశ్నకా ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## నేల కింద ఏముంది

భూఫలకాలు అంటే ఏమిటి? అవి లావా మీద తేలుతున్నాయా?

భూమి పైపొర అంతా ఒకే ముక్క కాదు. ఏడెనిమిది పెద్ద ముక్కలు, వాటి మధ్య చాలా చిన్న ముక్కలు ఉన్నాయి. ఒక్కో ముక్కను ఒక ఫలకం అంటారు. మనం ఉన్నది భారత ఫలకం మీద. అందులో ఈ ద్వీపకల్పమే కాదు, బంగాళాఖాతం అడుగు భాగం కూడా ఉంది.

కింద లావా సముద్రం ఉందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఫలకాల కింద ఉన్న మాంటిల్ గట్టి రాయే. విపరీతమైన వేడి వల్ల ఆ రాయి లక్షల ఏళ్ల మీద అతి నెమ్మదిగా సాగుతూ జరుగుతూ ఉంటుంది. పూర్తిగా ద్రవంగా ఉన్న పొర సుమారు 2,900 కిలోమీటర్ల లోతులో, భూకేంద్రకం పైభాగంలో ఉంది. అగ్నిపర్వతాల్లోంచి వచ్చే లావా అక్కడి నుంచి రాదు.

ఇంత పెద్ద ఫలకాలను కదిలించేది ఏది?

మూలం భూమి లోపలి వేడి. కానీ ఎక్కువ బలం అంచుల దగ్గర పుడుతుంది. సముద్రపు అడుగు కొత్తగా ఏర్పడినప్పుడు వేడిగా, తేలిగ్గా ఉంటుంది. కోట్ల ఏళ్లు గడిచేకొద్దీ చల్లబడి బరువెక్కుతుంది. చివరికి పక్క ఫలకం కిందికి దిగిపోతూ, తన వెనక ఉన్న భాగాన్ని కూడా లాక్కుపోతుంది.

భారత ఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యానికి జరుగుతోంది. ఇది ఊహ కాదు. హైదరాబాద్‌లో ఉప్పల్ దగ్గరి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో ఉన్న జీపీఎస్ స్టేషన్ లాంటివి ఈ కదలికను కొలిచి చూపిస్తున్నాయి.

సముద్రం అడుగు కదులుతోందని ఎలా తెలిసింది? ఎవరూ చూడలేదు కదా?

ఇది హిందూ మహాసముద్రంతో ముడిపడిన కథ. మనవాళ్లకు ఇది ఎక్కువగా తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. ఖండాలు జరిగాయని ఆల్ఫ్రెడ్ వెగెనర్ 1912లోనే చెప్పాడు. ఎలా జరిగాయో చూపించలేకపోవడంతో అప్పట్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. 1960ల మొదట్లో హ్యారీ హెస్ మరో ఆలోచన తెచ్చాడు. సముద్రాల మధ్య ఉన్న పర్వతశ్రేణుల దగ్గర కొత్త నేల పుడుతూ రెండు వైపులా జరిగిపోతోందన్నాడు.

రుజువు అరేబియా సముద్రానికి దక్షిణంగా ఉన్న కార్ల్స్‌బర్గ్ శ్రేణి దగ్గర దొరికింది. 1962లో ఒక బ్రిటిష్ సర్వే నౌక అక్కడి నేల అయస్కాంత లక్షణాన్ని కొలిచింది. లావా గడ్డకట్టేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు ఆనాటి ఉత్తర దిక్కును పట్టి ఉంచుకుంటాయి. భూమి అయస్కాంత ధ్రువాలు గతంలో చాలాసార్లు తారుమారయ్యాయి. కొత్త నేల మధ్యలో పుట్టి రెండు వైపులా జరుగుతున్నట్టయితే, శ్రేణికి అటూ ఇటూ ఒకేలాంటి అయస్కాంత చారలు కనిపించాలి. ఫ్రెడ్ వైన్, డ్రమండ్ మాథ్యూస్ ఆ కొలతలను ఇలాగే వివరిస్తూ 1963లో పత్రం ప్రచురించారు. ఆ తర్వాత ఇతర మహాసముద్రాల్లోనూ అవే చారలు కనిపించాయి.

ఇంకో సాక్ష్యం రాళ్ల వయసు. ఖండాల మీద 400 కోట్ల ఏళ్ల నాటి రాళ్లున్నాయి. ఇవాళ్టి మహాసముద్రాల అడుగు దాదాపు అంతా 20 కోట్ల ఏళ్ల లోపుదే. పాత నేల లోపలికి దిగిపోతూ ఉండడమే దీనికి కారణం.

## భూకంపం ఎలా పుడుతుంది

ఏడాదికి 5 సెంటీమీటర్లే జరిగితే, భూకంపం ఒక్కసారిగా ఎందుకు వస్తుంది?

అంచులు సాఫీగా జారవు కాబట్టి. రెండు ఫలకాలు రాసుకునే చోట రాపిడి వల్ల రాళ్లు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. ఫలకం మాత్రం వెనక నుంచి జరుగుతూనే ఉంటుంది. దాంతో అంచు దగ్గరి రాయి వంగి, బిగుసుకుంటుంది. అలా వందల ఏళ్లు పేరుకున్న బిగువు ఆ పట్టును మించిన క్షణంలో రాయి జారుతుంది. ఏడాదికి 5 సెంటీమీటర్లంటే 300 ఏళ్లకు 15 మీటర్లు. అంత దూరం ఒకేసారి జరగడమే పెద్ద భూకంపం.

సముద్రం అడుగున వచ్చే భూకంపాలన్నీ ఒకే రకమా?

కాదు. ఫలకాలు విడిపోయే చోట, అంటే మధ్య సముద్ర శ్రేణుల దగ్గర, నేల పలుచగా, వేడిగా ఉంటుంది. అక్కడి భూకంపాలు చిన్నవి, లోతు తక్కువ. పక్కపక్కనే రాసుకుంటూ జరిగే చోట ఒక మోస్తరు నుంచి పెద్దవి రావచ్చు. ఒక ఫలకం మరో దాని కిందికి దిగే చోట మాత్రం తాకిడి ప్రాంతం వెయ్యి కిలోమీటర్ల పొడవున కూడా ఉండొచ్చు. తీవ్రత 9 దాటిన భూకంపాలన్నీ, 1960 చిలీ, 1964 అలాస్కా, 2004 సుమత్రా, 2011 జపాన్, ఇలాంటి చోటే పుట్టాయి.

2004 డిసెంబరు 26న అసలు ఏం జరిగింది?

సుమత్రా పడమటి తీరానికి ఎదురుగా మన కాలమానం ప్రకారం ఉదయం 6.29 ప్రాంతంలో మొదలైంది. అక్కడ భారత ఫలకం, బర్మా ఫలకం అనే చిన్న ముక్క కిందికి దిగుతోంది. చీలిక సుమత్రా దగ్గర మొదలై ఉత్తరంగా నికోబార్, అండమాన్ దీవుల దాకా 1,200 కిలోమీటర్లకు పైగా పాకింది. ఇందుకు ఎనిమిది నిమిషాలకు పైగా పట్టింది. తీవ్రత 9.1. కొన్నిచోట్ల ఫలకాలు 15 మీటర్లకు మించి జారాయి.

నేల ఎంతగా మారిందో అండమాన్, నికోబార్ దీవులే చూపిస్తాయి. దక్షిణాన గ్రేట్ నికోబార్ చివర ఇందిరా పాయింట్ దగ్గర నేల సుమారు 4 మీటర్లు కుంగింది. అక్కడి లైట్‌హౌస్ అడుగు నీళ్లలోకి వెళ్లింది. ఉత్తర అండమాన్ పడమటి తీరంలో దీనికి సరిగ్గా వ్యతిరేకం. నేల మీటరుకు పైగా పైకి లేచి, అంతవరకు నీళ్లలో ఉన్న పగడపు దిబ్బలు బయటపడి ఎండిపోయాయి. ఒకే ఉదయం, ఒకే దీవుల వరుసలో ఒక కొస మునిగింది, ఇంకో కొస లేచింది.

నేల అలా ఒక్కసారిగా కదిలినప్పుడు దాని మీదున్న నీరంతా కదిలింది. అదే సునామీ. పద్నాలుగు దేశాల్లో రెండు లక్షల ఇరవై వేల మందికి పైగా చనిపోయారు. మన దేశంలో పది వేలకు పైగా, ఆంధ్రప్రదేశ్ తీరంలో వంద మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

తీవ్రత 8 అంటే 7 కంటే కొంచెమే కదా ఎక్కువ?

ఒక్క అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. రెండు అంకెలు పెరిగితే వెయ్యి రెట్లు. అందుకే 6 తీవ్రత వార్త చూసి 2004ను గుర్తుచేసుకోవాల్సిన పనిలేదు. 9.1 భూకంపంలో విడుదలైన శక్తి 6.0 దానికి సుమారు 45 వేల రెట్లు.

2012లో 8.6 వచ్చినా సునామీ ఎందుకు రాలేదు?

చిన్నది వచ్చింది, నష్టం చేసేంతది రాలేదు. 2012 ఏప్రిల్ 11న మధ్యాహ్నం సుమత్రాకు పడమరగా 8.6, రెండు గంటల తర్వాత 8.2 వచ్చాయి. చెన్నైలో జనం భవనాల్లోంచి బయటికి పరుగులు తీశారు. హెచ్చరికలు ఇచ్చి, తర్వాత ఎత్తేశారు.

ఆ భూకంపం ఫలకాలు కలిసే అంచు మీద కాదు, కిందికి దిగబోయే ఫలకం లోపల వచ్చింది. నేల అడ్డంగా జరిగింది గాని పైకీ కిందికీ పెద్దగా కదల్లేదు. నీటిని ఎత్తే కదలిక లేకపోతే పెద్ద సునామీ పుట్టదు. తీవ్రత అంకె ఒక్కటే చూసి భయపడకూడదు, ధైర్యపడకూడదు. ఎక్కడ, ఎంత లోతులో, ఏ దిశలో జారిందన్నదీ చూడాలి. 2005 మార్చి 28న నియాస్ దీవి దగ్గర వచ్చినది కూడా 8.6. అది ఒక ఫలకం కిందికి ఇంకొకటి దిగే అంచు మీదే వచ్చింది. అయినా లేచిన నేలలో చాలా భాగం దీవుల కింద, లోతు తక్కువ నీటి కింద ఉండడంతో సునామీ చిన్నదే అయింది.

పౌర్ణమి, అమావాస్యలకు భూకంపాలు వస్తాయంటారు. 2004లో కూడా పౌర్ణమే కదా?

అవును, ఆ రోజు పౌర్ణమి. మంగినపూడి లాంటి బీచ్‌లకు సముద్రస్నానానికి వచ్చినవాళ్లు అలల్లో చిక్కుకున్నారు. అందుకే ఈ అనుమానం మనవైపు బలంగా నాటుకుంది.

చంద్రుడు, సూర్యుడు సముద్రాన్నే కాదు, నేలను కూడా కొద్దిగా లాగుతారు. తెగిపోవడానికి సిద్ధంగా ఉన్న చోట ఆ చిన్న లాగుడు కలిసిరావచ్చునని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. కానీ బిగువు పేరుకోవడానికి కారణం ఫలకాల కదలికే. ఏటా పన్నెండు పదమూడు పౌర్ణములు వస్తాయి, దాదాపు అన్నీ ఏమీ జరగకుండానే గడిచిపోతాయి. పంచాంగం చూసి భూకంపం చెప్పడం కుదరదు.

ఫలానా తేదీన భూకంపం వస్తుందని ముందే చెప్పగలరా?

లేదు. తేదీ, చోటు, తీవ్రత మూడూ ముందే చెప్పే పద్ధతి ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు. ఏ ప్రాంతంలో బిగువు పేరుకుంటోందో మాత్రం చెప్పగలరు. అలాంటి తేదీతో వచ్చే ఫార్వర్డ్ మెసేజ్‌ను ఎవరికీ పంపకుండా తీసేయండి.

## సముద్రంలో అగ్నిపర్వతాలు

నిప్పు మంటలా లావా పైకి వస్తుంటే, అన్ని నీళ్లలో ఆరిపోదా?

లావా మండుతున్న మంట కాదు, కరిగిన రాయి. నీళ్లు తగిలినా రావడం ఆగదు. పైభాగం క్షణాల్లో గడ్డకట్టి పెంకులా మారుతుంది. లోపలి లావా ఆ పెంకును చీల్చుకుని పక్కకు ఉబుకుతుంది, అదీ గడ్డకడుతుంది. అలా గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే లావా ముద్దలు ఏర్పడతాయి. వీటిని చూడ్డానికి సముద్రంలోకి దిగనక్కర్లేదు. కర్ణాటకలో చిత్రదుర్గ దగ్గరి మరడిహళ్లిలో వందల కోట్ల ఏళ్ల నాటివి నేల మీదే ఉన్నాయి. ఇప్పుడు రాళ్ల గుట్టగా ఉన్న ఆ చోట ఒకప్పుడు నీళ్లుండేవనడానికి అవే సాక్ష్యం.

లోతు ఎక్కువైన చోట నీటి ఒత్తిడి వల్ల ఆవిరి ఒక్కసారిగా విరజిమ్మదు. అందుకే రెండు మూడు కిలోమీటర్ల లోతులో ఎక్కువగా పేలుళ్లు ఉండవు, లావా నెమ్మదిగా పారుతుంది. భూమ్మీద అగ్నిపర్వతాల నుంచి వచ్చే శిలాద్రవంలో ఎక్కువ భాగం ఇలా ఎవరి కంటా పడకుండా సముద్రం అడుగునే వస్తోంది.

కింద ఉన్నది గట్టి రాయే అయితే, అది ఎలా కరుగుతుంది?

రెండు ముఖ్యమైన దారులున్నాయి.

ఫలకాలు విడిపోయే చోట కింది నుంచి వేడి రాయి పైకి వస్తుంది. పైకి వచ్చేకొద్దీ దాని మీద ఒత్తిడి తగ్గుతుంది. ప్రెషర్ కుక్కర్‌లో 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉన్న నీళ్లు, ఆవిరి వదలగానే కుతకుతమంటాయి కదా, ఇదీ అలాంటిదే. వేడి పెరగలేదు, ఒత్తిడి తగ్గింది, రాయిలో కొంత భాగం కరిగింది.

ఫలకం కిందికి దిగే చోట సంగతి వేరు. అక్కడ కారణం నీళ్లు. సముద్రపు అడుగు రాళ్లు కోట్ల ఏళ్లపాటు ఉప్పునీటిలో నాని, నీటిని తమ ఖనిజాల్లోనే ఇముడ్చుకుంటాయి. సుమారు 100 కిలోమీటర్ల లోతుకు చేరేసరికి ఆ నీరు బయటికి వస్తుంది. నీరు తగిలిన మాంటిల్ రాయి తక్కువ వేడికే కరుగుతుంది. ఆ శిలాద్రవం పైకి చేరి అగ్నిపర్వతాల వరుసను కడుతుంది. అందుకే అవి కందకం (ఫలకం కిందికి వంగి దిగే చోట సముద్రపు అడుగున ఉండే పొడవాటి లోతైన గాడి) పక్కనే కాకుండా, కాస్త లోపలికి, కందకానికి సమాంతరంగా ఉంటాయి. సుమత్రా, జావా దీవుల అగ్నిపర్వతాలు అలా పుట్టినవే.

బారెన్ దీవి మనకు ప్రమాదమా?

మన దేశంలో ఇప్పటికీ విస్ఫోటనం చెందుతున్న అగ్నిపర్వతం ఇదొక్కటే. పోర్ట్ బ్లెయిర్‌కు, ఇప్పటి శ్రీ విజయపురానికి, ఈశాన్యంగా సుమారు 135 కిలోమీటర్ల దూరంలో ఉంది. పైకి కనిపించేది మూడు కిలోమీటర్ల వెడల్పున్న దీవి, మూడు వందల మీటర్లు దాటిన ఎత్తు. అసలు కొండ సముద్రపు అడుగు నుంచి రెండు వేల మీటర్లకు పైగా లేచింది. 1787లో విస్ఫోటనం నమోదైంది. పందొమ్మిదో శతాబ్దం తర్వాత చాలాకాలం నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది, అప్పటి నుంచి అప్పుడప్పుడు బూడిద, లావా చిమ్ముతూనే ఉంది.

అక్కడ జనం లేరు. ఇప్పటి విస్ఫోటనాలు చిన్నవి. ఆంధ్ర తీరం వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది కాబట్టి వాటివల్ల మనకు ఇబ్బంది లేదు.

అగ్నిపర్వతం పేలినా సునామీ వస్తుందా?

వస్తుంది. 1883 ఆగస్టు 27న జావా, సుమత్రాల మధ్య క్రకటోవా పేలినప్పుడు 36 వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమందిని బలిగొన్నది సునామీయే. దాని స్థానంలో పుట్టిన అనక్ క్రకటోవా 2018 డిసెంబరు 22 రాత్రి ఒక పక్క కూలి సముద్రంలో పడింది. నాలుగు వందల మందికి పైగా మరణించారు. పెద్ద భూకంపమేదీ రాలేదు కాబట్టి తీరంలో ఎవరికీ ముందస్తు హెచ్చరిక అందలేదు. 2022 జనవరి 15న టోంగా దగ్గర నీటికింద అగ్నిపర్వతం పేలి, బూడిద 50 కిలోమీటర్లకు మించిన ఎత్తుకు లేచింది.

తెలుగు నేల మీద అగ్నిపర్వతాల ఆనవాళ్లు ఉన్నాయా?

ఉన్నాయి, రెండు కథలుగా.

నంద్యాల జిల్లాలో యాగంటి వైపు ఉన్న జ్వాలాపురం దగ్గర నేలను తవ్వితే తెల్లటి మెత్తని బూడిద పొర బయటపడుతుంది. కొన్నిచోట్ల దాని మందం రెండు మీటర్లకు పైనే. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు 2,500 కిలోమీటర్లకు పైగా గాలిలో ప్రయాణించి ఇక్కడ రాలిన బూడిద అది. వాన నీళ్లు లోయలోకి కొట్టుకొచ్చి పోగేయడం వల్ల పొర అంత మందంగా ఉంది. ఆ పొరకు కిందా, పైనా కూడా ఆదిమానవుల రాతి పనిముట్లు దొరికాయి. అంత పెద్ద విస్ఫోటనం తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికారని పరిశోధకులు చెప్పడానికి ఆధారం అదే. సుమత్రా అగ్నిపర్వతాలు మనకు సంబంధం లేనివని ఎవరైనా అంటే నేను ఈ బూడిదనే చూపిస్తాను.

రెండోది రాజమండ్రి దగ్గర. కొవ్వూరు వైపు పంగిడి, దుద్దుకూరు క్వారీల్లో కనిపించే నల్లరాయి సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల నాటి లావా. దక్కన్ పీఠభూమిని కప్పిన లావాయే నదీలోయల వెంట ఇంతదూరం పారి వచ్చిందన్నది బలమైన అభిప్రాయం. ఆ లావాకు మూలమైన వేడి స్థానం, అంటే మాంటిల్ లోపలి నుంచి వేడి రాయి పైకి ఉబికే చోటు, మీద నుంచి భారత ఫలకం జరిగి వచ్చేసింది. ఇప్పుడు ఆ స్థానం హిందూ మహాసముద్రంలో రీయూనియన్ దీవి కింద ఉంది, అక్కడి అగ్నిపర్వతం ఇంకా లావా పోస్తూనే ఉంది.

## సునామీ, మన తీరం

సునామీ వస్తోందంటే, వేటలో ఉన్న పడవ ఒడ్డుకు రావాలా?

రాకూడదు. లోతు నీళ్లలో ఉండడమే క్షేమం. సునామీ వేగం లోతును బట్టి మారుతుంది. నాలుగు వేల మీటర్ల లోతులో గంటకు 700 కిలోమీటర్లు దాటుతుంది, కానీ ఎత్తు తక్కువ. 2004లో పుట్టిన రెండు గంటలకు ఉపగ్రహం కొలిచినప్పుడు నడిసముద్రంలో అల ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లే. ఒక కొసకూ ఇంకో కొసకూ వందల కిలోమీటర్ల దూరం ఉంటుంది కాబట్టి పడవలో ఉన్నవాళ్లకు తెలియను కూడా తెలియదు. పది మీటర్ల లోతుకు వచ్చేసరికి వేగం గంటకు 36 కిలోమీటర్లకు పడిపోతుంది, వెనక నీరు ముందు నీటి మీదికి చేరి ఎత్తు పెరుగుతుంది. రేవులోనే ఉన్న పడవను కాపాడుకోవడానికి వెళ్లొద్దు.

సముద్రం వెనక్కి వెళ్తేనే సునామీ కదా? అది చూసి పరుగెత్తితే చాలదా?

ఈ నమ్మకం మన తీరంలో ప్రమాదకరం. దయచేసి ఇది నలుగురికీ చెప్పండి.

2004లో చీలికకు తూర్పున ఉన్న నేల కుంగింది, పడమరన ఉన్నది లేచింది. అందుకని థాయిలాండ్ వైపు మొదట నీరు వెనక్కి తగ్గింది. మన వైపూ, శ్రీలంక వైపూ మొదట వచ్చింది అలే. నీరు వెనక్కి పోవడం ఆ తర్వాత, అలకూ అలకూ మధ్య జరిగింది. సముద్రం తగ్గేదాకా చూద్దామని నిలబడితే మొదటి అలే మీద పడుతుంది.

సుమత్రా పక్కన సిమెలూ దీవిలో 1907 నాటి సునామీ జ్ఞాపకాన్ని తరతరాలుగా పిల్లలకు చెబుతూ వచ్చారు. నేల గట్టిగా ఊగగానే వాళ్లు గుట్టలెక్కారు. సుమారు 78 వేల జనాభాలో సునామీకి చనిపోయింది ఏడుగురే. కానీ వాళ్లకు నేల ఊగి సూచన ఇచ్చింది. మనకు ఆ ఊపు అందదు, అందినా స్వల్పమే. మన దగ్గర ఉన్నది రెండు, రెండున్నర గంటల సమయం, అధికారిక హెచ్చరిక. వాటినే నమ్ముకోవాలి.

హెచ్చరిక ఎవరిస్తారు? ఎవరి మాట నమ్మాలి?

హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం. 2004 తర్వాత అక్కడ సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం పెట్టారు, 2007 అక్టోబరు నుంచి పనిచేస్తోంది. భూకంపం వచ్చిన నిమిషాల్లోనే మొదటి ప్రకటన ఇస్తారు. తర్వాత సముద్రం అడుగున నీటి ఒత్తిడిని కొలిచే పరికరాలు, రేవుల్లో నీటిమట్టాన్ని చూసే పరికరాలు పంపే లెక్కలతో దాన్ని సవరిస్తారు. ఆ ప్రకటన జిల్లా యంత్రాంగం ద్వారా, రేడియో, టీవీ ద్వారా వస్తుంది. ఖాళీ చేయమంటే ఒక్క నిమిషం కూడా ఆలోచించొద్దు. తర్వాత ప్రమాదం లేదని తేలితే, అదృష్టం.

విశాఖలో భూమి కంపించింది. సునామీ వస్తుందా?

కంపించడం ఒక్కటే ఆధారం కాదు. 2014 మే 21 రాత్రి బంగాళాఖాతంలో 6 తీవ్రతతో భూకంపం వచ్చి చెన్నై నుంచి కోల్‌కతా దాకా తెలిసింది. సునామీ రాలేదు. అది ఫలకం అంచున కాదు, లోపలి భాగంలో, సుమారు 50 కిలోమీటర్ల లోతున వచ్చింది. ఫలకం లోపల కూడా పాత పగుళ్లు అప్పుడప్పుడు కదులుతాయి. 1969లో భద్రాచలం దగ్గర, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో వచ్చినవి ఆ కోవలోనివే.

మొదటి అల వచ్చి వెళ్లిపోయింది. ఇంటికి వెళ్లి చూసుకోవచ్చా?

వెళ్లకూడదు. సునామీ ఒక్క అల కాదు. పది నిమిషాల నుంచి గంట తేడాతో చాలా అలలు వస్తాయి, రెండోదో మూడోదో మొదటిదానికంటే పెద్దదై ఉండొచ్చు. సామాన్ల కోసం, పశువుల కోసం మధ్యలో వెనక్కి వెళ్లినవాళ్లు తర్వాతి అలకు దొరికిపోతారు. హెచ్చరిక ఎత్తేశామని అధికారులు ప్రకటించేదాకా, అది సాయంత్రమైనా సరే, ఎత్తైన చోటే ఉండండి.